ఆరో తూము దాటని మోకాలు

ఇరవై రెండో రోజు

ఆసుపత్రిలో పెట్టిన కొత్త ఎడమ మోకాలు ఈ పొద్దున తొంభై ఐదు డిగ్రీలు వంగింది. నిన్నటికంటే మూడు ఎక్కువ.

చేసినవి: గోడకు వీపు ఆనించి కూర్చుని లేవడం పదిహేను సార్లు. మంచం మీద మడమ జరపడం ముప్పై సార్లు. స్టాండు వేసిన సైకిల్ మీద వెనక్కి తొక్కడం పది నిమిషాలు. ముందుకు తొక్కడానికి ఇంకో వారం ఆగమంది మార్తమ్మ సిస్టర్.

ఈ పుస్తకం ఇచ్చింది ఆమే. రోజూ ఏం చేశానో, ఎక్కడ నొప్పి పుట్టిందో రాసి వారానికోసారి ఆసుపత్రికి తెస్తే, చదివి కింద ఎర్ర సిరాతో ఏం చెయ్యాలో రాస్తుంది. నోటితో చెప్పమంటే నాకు రాదని ఆమెకు మొదటి రోజే తెలిసిపోయింది. నలుగురి ముందు "ఎట్టా ఉందమ్మా?" అని అడిగితే తల ఊపి ఊరుకున్నాను. నా చదువు ఐదో తరగతి వరకే. ఆ ఏడాది సముద్రం బడి మెట్లు ఎక్కింది. అయినా రాయడం మాత్రం వచ్చు.

మా ఆయన పేరు రాయకూడదు గానీ, ఆసుపత్రి చీటీలో సిస్టర్ ఎటూ రాసింది. నాంచారయ్య. నేను మావా అని పిలుస్తాను. కరెంటు పట్టే పెద్ద గాలిపటాల తీగలు చుట్టే పని మావది. అరచేతులు కాయలు కాచి గరుకుగా ఉంటాయి. ఆ చేతులతోనే సాయంత్రం నువ్వులనూనె వెచ్చచేసి నా మోకాలి చుట్టూ రాస్తాడు.

"ఇవాళ ఎంత వంగింది?"

"తొంభై ఐదు."

"అబ్బో! ఇట్టా పోతే వెనక్కి కూడా వంగుద్దేమో."

నవ్వాను. నొప్పి: తక్కువ.

ముప్పై ఒకటో రోజు

ముందుకు తొక్కాను! మావ ఒక పూట సెలవు పెట్టి, సీటు పట్టుకుని వెంట పరిగెత్తాడు. వీధిలో ఆడవాళ్ళు వాకిళ్ళలో నిలబడి చూశారు.

"పెళ్ళయిన ఆరేళ్ళకి పెళ్ళానికి సైకిల్ నేర్పుతున్నావా నాంచారయ్యా?" అంది ఎదురింటి పిన్ని.

"నేర్పేదేంటి పిన్నీ, వదిలేస్తే అందుకోలేనని పట్టుకున్నా."

వాళ్ళంతా నవ్వారు. నాకు సిగ్గు ముంచుకొచ్చి హ్యాండిల్ వంకరపోయింది. వీధి చివర మావ సీటు వదిలేశాడు. వదిలేసినట్టు నాకు తెలియలేదు.

అక్కడి నుంచి ఒక్కదాన్నే తోడింటికి వెళ్ళాను. తలుపు తియ్యగానే ఆ పులుపు వాసన. గోడవారగా ఇసుకలో కుండలు, వాటి మీద తడిగుడ్డలు. కుండల్లో ఉండేది తోడు. ఉప్పు తినే నాచు అది. పాలకు తోడేసినట్టు లంకలోని ఉప్పునీళ్ళ తొట్టిలో కలిపితే మర్నాటికి ఆ నీళ్ళు తాగేటట్టు అవుతాయి. ఆరు రోజులకు దాని బలం పోతుంది. మళ్ళీ కొత్త కుండ చేరాలి. మోటారు వణుకుకి అది పాలు విరిగినట్టు విరిగిపోతుంది. పడవ రెల్లులో పడి వెళ్ళేసరికి రోజు గడిచిపోతుంది. అందుకని మేము, సైకిల్ వాళ్ళం. తొక్కే ఊపుకి తోడు హాయిగా బతికి ఉంటుంది.

నా దారి కొసలంక. కరకట్ట మీద పదకొండు తూములు దాటాలి, పదహారు కిలోమీటర్లు. నాలుగేళ్ళు మోశాను. మనుషుల ముందు నోరు పెగలని నేను ఆ కట్ట మీద కుండతో మాట్లాడేదాన్ని, పాడేదాన్ని కూడా. కొసలంక వాళ్ళు దూరం నుంచే నా గొంతు పోల్చుకుని తొట్టి మూత తీసి ఉంచేవాళ్ళు.

నేను ఎనిమిదో తూము దగ్గర గాలికి రాళ్ళ మీద పడినప్పటి నుంచి ఆ దారి సీతాలు తొక్కుతోంది. తన దారికి తోడు నాది కూడా. నన్ను చూడగానే రెండు చేతులూ పైకెత్తింది.

"వచ్చావా తల్లీ! తొందరగా నీ దారి నువ్వు తీసుకో. నా నడుం రెండు ముక్కలయింది."

తోడింటి పెద్ద రాఘవమ్మ గారు మాత్రం నవ్వలేదు. "అమావాస్యకి ఒకసారి, పున్నమికి ఒకసారి తొక్కి చూపించాలి. ఎవరికైనా అంతే కోటేశ్వరీ. పొద్దు నడినెత్తికి రాకముందు కుండ కొసలంక చేరాలి. రెండుసార్లూ తప్పితే దారి వేరేవాళ్ళకి పోద్ది. వానలు మొదలయ్యేలోపు నేను మనిషిని ఖాయం చెయ్యాలి."

సరేనన్నాను. అమావాస్య ఇంకా పద్దెనిమిది రోజులు.

ముప్పై ఎనిమిదో రోజు

మోకాలు నూట పన్నెండు. కరకట్ట ఎక్కాను. ఖాళీ కుండ కట్టుకున్నాను, బరువు అలవాటు కావాలని.

ఐదో తూము దాకా ఏ ఇబ్బందీ లేదు. గాలి ఎదురు లేదు. ఆరో తూము తలుపు నీడ చక్రం మీద పడిందో లేదో, ఎడమ కాలు కర్రలా చాపుకుపోయింది. పెడల్ జారి నేను పక్కకు ఒరిగిపోయాను. కుడికాలు ఆనించి నిలదొక్కుకున్నాను. మోకాలు ఎంత నొక్కినా వంగలేదు. నొప్పి లేదు. అదే వింత.

సైకిల్ తోసుకుంటూ వెనక్కి తిరిగాను. పది అడుగులు వేసేసరికి కాలు దానంతట అదే సడలింది.

మావకు చెప్పాను. నూనె గిన్నె కింద పెట్టి, కాసేపు నా మోకాలినే చూస్తూ కూర్చున్నాడు.

"అంత దూరం ఒక్కసారే పోయావు కదా. అలిసిపోయి ఉంటది."

"నొప్పి లేదు మావా."

"నొప్పి కాళ్ళలో కాదు కోటీ. పడ్డ జాగా దగ్గరపడతా ఉంటే మనసు లాగేస్తది. రోజూ పోయి చూడు. రేపో మాపో దాటేస్తావు."

*ఎర్ర సిరా:* వంగడం బాగుంది. భయం వల్ల కండరం బిగుసుకుంటుంది. ధైర్యం చెయ్యాలి.

నలభై మూడో రోజు

ఐదు రోజులూ వెళ్ళాను. ఐదు రోజులూ ఆరో తూము దగ్గరే.

మొదట్లో వేగంగా వెళ్ళి చూశాను. తర్వాత మెల్లగా. నిన్న కళ్ళు మూసుకుని తొక్కి కట్ట మీద నుంచి జారబోయాను. ఇవాళ పాడుతూ వెళ్ళాను. కాలు చాపుకుపోగానే పాట గొంతులో ఆగింది. అటువైపు నుంచి చేపల బుట్టలతో నడిచొస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు చూసి, నేను కావాలనే దిగాననుకుని "ఏమ్మా, అలిసిపోయావా?" అని నవ్వుతూ వెళ్ళారు.

ఇదివరకు ఎప్పుడూ నాకు భయం వేసినట్టు గుర్తు లేదు. పడ్డ రోజు కూడా తెలివి తప్పేదాకా కుండ పగిలిందని ఏడ్చానే గాని, కాలు పోయిందని కాదు. మరి ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో. నాకే తెలియకుండా నాలో ఇంకో పిరికి మనిషి ఉంది కాబోలు అనుకున్నాను.

మావ ఈ సాయంత్రం ఎక్కువసేపు నూనె రాశాడు. "ఏడవమాక" అన్నాడు. నేను ఏడుస్తున్నట్టు ఎలా తెలిసిందో. దీపానికి వీపు పెట్టి కూర్చున్నాను కదా.

*ఎర్ర సిరా:* ఇంకా ప్రయత్నించాలి. మనసు గట్టిపరచుకోవాలి.

నలభై తొమ్మిదో రోజు. అమావాస్య

తోడింటి ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. రాఘవమ్మ గారు కుండకు తడిగుడ్డ చుట్టి క్యారియర్ మీద కట్టింది. సాక్షిగా సీతాలు నా వెనుక బయలుదేరింది.

ఆరో తూము దగ్గర పళ్ళు బిగపట్టి, బలమంతా ఎడమ కాలి మీద వేశాను. కాలు చాపుకుపోయింది. బలమంతా దాని మీదే ఉంది కాబట్టి సైకిల్ నాతోపాటు తిరగబడింది. కుండ రాతికి తగిలి పగిలింది. పచ్చటి తోడు మట్టిలోకి ఇంకిపోయింది. ఆరు రోజుల కొసలంక నీళ్ళు అవి.

సీతాలు నన్ను లేపి, చీరకు అంటిన మట్టి దులిపింది. నేను వెనక్కి నడుస్తుంటే, ఆమె తిరిగి వెళ్ళి ఇంకో కుండ కట్టుకుని, నన్ను దాటుకుని కొసలంకకు వెళ్ళిపోయింది.

తోడింటి దగ్గర ఎవరో అన్నారు, "మోకాలు కొత్తది పెట్టొచ్చు, గుండె కొత్తది ఎక్కడ తెస్తారు?" అని. పక్కన మావ ఉన్నాడు. నా భుజం చుట్టూ చెయ్యి వేసి, "పదవే, ఇంటికి పోదాం" అన్నాడు. అంతమందిలో భుజం మీద చెయ్యి వెయ్యడం అదే మొదటిసారి. ఈ మనిషి లేకపోతే నేనేమైపోదునో అనిపించింది.

యాభై రెండో రోజు

రాయాలో వద్దో తెలియడం లేదు. సిస్టర్ చదువుతుంది కాబట్టి ఈ పేజీ ఆమెకు చూపించను.

పొద్దున ఎదురింటి పిన్ని అత్తగారు, అచ్చమ్మ గారు, బుట్ట చంకన పెట్టుకుని మా వీధిలో నడిచి వెళ్తోంది. ఆమెకు మతిమరుపు. ఎప్పుడో మునిగిపోయిన సంతకు బయలుదేరుతుంటుంది. కిందటేడు తుంటి ఎముక మార్పించారు. వీధి మొగ దగ్గర, కాలవ రేవుకు నాలుగు అడుగులుండగా, ఆమె కాలు చాపుకుపోయింది. నొప్పి లేదు. మూలిగింది కూడా లేదు. కర్రలా చాపుకున్న కాలిని వింతగా చూసుకుంటూ నిలబడిపోయింది.

పిన్ని చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "మళ్ళీ బయల్దేరావా అత్తా? దా, దా." భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పింది. నాలుగు అడుగులు వెయ్యగానే అచ్చమ్మ గారి కాలు సడలింది.

"ఏమయింది పిన్నీ ఆమె కాలుకి?" అని అడిగాను.

"హద్దు పెట్టించాంలే కోటీ. కాలవలో పడిపోద్దని. మీ బాబాయి పూచీ నిలబడ్డాడు కదా, ఆసుపత్రోళ్ళకి ఎందాక పోవాలో చెప్తే ఆ కొత్త ఎముకలో అందాకే పోయేటట్టు పెడతారు. ముసలోళ్ళకి, బుర్ర సరిగా లేనోళ్ళకి పెడతారు."

ఆసుపత్రిలో ఎవరికి ఏ భాగం వేసినా ఇంట్లో ఒకరు పూచీ నిలబడాలి. మొగుడుంటే మొగుడే. నాకు మత్తు ఇచ్చాక మావ వేలిముద్ర వేశాడు. మందులు వేళకు వేస్తానని, కట్టు తడవకుండా చూస్తానని, అలాంటి పూచీ అనుకున్నాను.

అన్నం వండాను. ఉప్పు రెండుసార్లు వేశాను.

యాభై మూడో రోజు

మావ పనికి పోయాక సైకిల్ తీశాను.

ముందు ఐదో తూముకు, ఇంటికి మధ్య అటూ ఇటూ తొక్కాను. ఇరవై కిలోమీటర్లు అయ్యేదాకా. కొసలంక కంటే ఎక్కువే. మోకాలు ఒక్కసారి కూడా ఆగలేదు.

తర్వాత సైకిల్ దిగి, ఆరో తూము వైపు నడిచాను. తూము తలుపు నీడకు రెండు అడుగుల ముందు ఆగిపోయింది. చెప్పు కొనతో మట్టిలో గీత గీశాను. వెనక్కి వచ్చి మళ్ళీ నడిచాను. అదే గీత. కట్ట దిగి రెల్లులోంచి, మోకాలి లోతు నీళ్ళలో నడిచి చూశాను. పైనున్న గీతకు సరిగ్గా ఎదురుగా ఆగింది. చివరికి గీత దగ్గర వెనక్కి తిరిగి, కొసలంకకు వీపు పెట్టి, ఇంటి వైపే చూస్తూ వెనకడుగు వేశాను. ఇల్లు చూస్తూ ఎవరికీ భయం వెయ్యదు కదా.

చాపుకుపోయింది.



యాభై నాలుగో రోజు

ఆసుపత్రికి వెళ్ళాను. మార్తమ్మ సిస్టర్ గుడ్డలు చుడుతోంది. దారి పొడుగునా ఆ మాట మనసులో అనుకుంటూనే వెళ్ళాను, నోరు పెగలదేమోనని. పెగిలింది.

"సిస్టర్, నా మోకాలికి హద్దు పెట్టారా?"

ఆమె గుడ్డ చుట్టడం ఆపలేదు. "ఎవరన్నారు?"

"మోకాలే అంది."

"పూచీ నిలబడ్డ మనిషి చెప్పింది రోగికి చెప్పకూడదమ్మా. రూలు."

"రోగిని నేనే కదా."

"అందుకే."

పుస్తకం తెరిచి, ఆమె ఎర్ర సిరా రాతలు ఆమె ముందు పెట్టాను. భయం వల్ల. మనసు గట్టిపరచుకోవాలి. "ఇవి రాసింది మీరే కదా సిస్టర్. తెలిసే రాశారు కదా."

"మరేం రాయమంటావు తల్లీ? ఏదో ఒకటి రాయాలి కదా." ఆమె మొహం ఎర్రబడింది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నీ మొగుడు వచ్చి ఒక్క మాట చెప్తే నిమిషంలో తీసేస్తారు. పున్నమి దాటాక వచ్చి చెప్తానన్నాడు. ఇదీ చెప్పకూడదు, చెప్పాను. ఇంక పో."

పున్నమి దాటాక.

ఇంటికి వచ్చే దారిలో ఆ మాట కొంచెం కొంచెంగా అర్థమైంది. పున్నమికి రెండోసారీ పడిపోతాను. దారి వేరొకరికి పోతుంది. తర్వాత ఒకరోజు మోకాలు దానంతట అదే ఆరో తూము దాటుతుంది. భయం తగ్గిందని నేను సంతోషిస్తాను. మావ కూడా సంతోషిస్తాడు. నా దారి నా పిరికితనం వల్లే పోయిందని చచ్చేదాకా నమ్ముతాను.

యాభై ఐదో రోజు

సాయంత్రం అన్నం పెట్టాను. నాంచారయ్య రెండు ముద్దలు తిన్నాక అడిగాను.

"పున్నమి దాటాక తీయిస్తానన్నావంట."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏంటి అని అడగలేదు. అడుగుతాడేమోనని, నేను తప్పుగా అనుకున్నానేమోనని, అప్పటిదాకా ఒక మూల ఆశ ఉండింది.

"ఆ రోజు నిన్ను రాళ్ళ మీద చూసినప్పుడు నువ్వు పోయావనుకున్నానే" అన్నాడు. "ఎనిమిదో తూము నుంచి ఇంటిదాకా నా వీపు మీద నీ తల ఊగతా ఉంటే, బతికున్నావో లేదో తెలియలా. మళ్ళీ ఆ కట్ట మీదికి నిన్నెట్టా పంపేది?"

"పంపనని చెప్పొచ్చు కదా."

"చెప్తే వింటావా?"

"వినను."

"మరి?"

"పోట్లాడుకునేవాళ్ళం. అంతే కదా."

"నువ్వు పోట్లాడతావా? నోరు తెరవవు. లేచి సైకిల్ తీసుకుని పోతావు. నాకు తెలీదా?"

అది నిజమే. అలాగే చేసేదాన్ని. అందుకని ఇంకోటి అడిగాను.

"సీటు పట్టుకుని ఎందుకు పరిగెత్తావు?"

ముద్ద కంచంలో పెట్టేశాడు.

"రేపో మాపో దాటేస్తావని ఎందుకన్నావు? అయిదు రోజులు పోయాను. కళ్ళు మూసుకుని తొక్కాను. అమావాస్యనాడు అందరి ముందు పడ్డాను. నువ్వు అక్కడే నిలబడి ఉన్నావు."

"నీ అంతట నువ్వే మానుకుంటే నీకు బాధ ఉండదనుకున్నా కోటీ. నేను ఆపానంటే జీవితాంతం నన్ను తిట్టుకుంటావని..."

"అందుకని నన్ను నేనే తిట్టుకునేటట్టు చేశావు."

చెయ్యి కడుక్కున్నాడు. కంచంలో అన్నం అలాగే ఉంది.

"రేపే పోయి ఆ మాట చెప్పు" అన్నాను.

"పున్నమి పోనియ్యి. తర్వాత నీ ఇష్టం, ఊరంతా తిరుగు. నేను అడ్డం రాను."

"పున్నమికి ముందు."

తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఇవాళ నూనె నేను వద్దనక్కర్లేకపోయింది.

యాభై ఎనిమిదో రోజు

మూడు రోజులుగా ఇంట్లో మాటల్లేవు. నాంచారయ్య ఆసుపత్రికి వెళ్ళలేదని పిన్ని ద్వారా తెలుసుకున్నాను.

ఖాసిం సాయిబుగారి సైకిల్ షాపుకు వెళ్ళాను. ఎడమ పక్కన, ముందు చక్రం పైభాగానికి దగ్గరగా, కాలు చాపి పెట్టుకోవడానికి ఇనుప కడ్డీ బిగించమన్నాను. ఆయన సైకిల్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"కాలుండగా కడ్డీ ఎందుకమ్మా?"

"ఆ కాలు నాది కాదు సాయిబుగారూ."

"మరి రెండోది?"

"అది నాదే."

గడ్డం గోక్కున్నాడు. "అయితే కుడి పెడల్‌కి తోలు పట్టీ కూడా బిగిస్తా. తొక్కేటప్పుడే కాదు, పైకి లాగేటప్పుడు కూడా పనిచేస్తది. ఒంటికాలితో కట్ట ఎక్కాలంటే రెండూ కావాలి. మొదటి మూడు రోజులు నన్ను తిట్టుకుంటావు, తిట్టుకో."

తిట్టుకున్నాను. కుడి తొడ రాయిలా అయింది. కానీ ఐదో తూము దాకా వెళ్ళి వచ్చాను. ఎడమ కాలు కడ్డీ మీద ఉంచి, చాపి కట్టేసి.

అరవై నాలుగో రోజు. పున్నమి

తెల్లవారగానే తోడింటికి వెళ్ళాను. కడ్డీని చూసి జనం గుసగుసలాడారు. నాంచారయ్య వెనుక వరసలో ఉన్నాడు. కడ్డీని చూశాడు, నా మొహం చూశాడు, నేల చూశాడు.

"ఇదేం వేషమే?" అంది రాఘవమ్మ గారు.

"కుండ చేరాలన్నారు గానీ, రెండు కాళ్ళతో చేరాలని అనలేదు కదండీ."

అంత మంది ముందు అంత పెద్ద మాట నేను ఎప్పుడూ అనలేదు. ఆమె కుండ కట్టడం మొదలుపెట్టింది.

ఆరో తూము దగ్గర మోకాలు బిగుసుకుంది. ముందే చాపి ఉంది కాబట్టి సైకిల్ వంకరపోలేదు. మట్టిలో నా గీత వానకు చెరిగిపోయింది. వెనుక నుంచి సీతాలు కేక పెట్టింది. "దాటావే! కోటీ, దాటావు!"

అక్కడి నుంచి గాలి. ఏడో తూము దగ్గర కుడికాలికి తిమ్మిరి ఎక్కింది. దిగి కాసేపు నిలబడ్డాను. ఎనిమిదో తూము దగ్గర రాళ్ళను చూశాను. భయం వేస్తుందేమోనని ఆగి మరీ చూశాను. రాళ్ళు రాళ్ళలాగే ఉన్నాయి. తొమ్మిది దాటాక గాలికి ఒరిగి పడిపోయాను. పడేటప్పుడు వెనక్కి తిరిగి కుండను రెండు చేతులతో పట్టుకున్నాను. మోచెయ్యి చీరుకుంది. సీతాలు సైకిల్ పారేసి పరిగెత్తుకొచ్చి, "చాలే, ఇటివ్వు, నేను తీసుకెళ్తా" అంది. ఇవ్వలేదు.

ఒకప్పుడు గంటన్నరలో వెళ్ళే దారికి నాలుగున్నర గంటలు పట్టింది. పొద్దు నడినెత్తికి ఇంకా జానెడు దూరం ఉంది. నేనే మూత తీసి తోడు తొట్టిలో పోశాను.

"నీ దారి నీకొచ్చింది, నా నడుం నాకొచ్చింది" అని సీతాలు గట్టు మీద వెల్లకిలా పడుకుంది. ఆమెకు అన్నీ చెప్పాను. లేచి కూర్చుంది. "సాయంత్రం ఇంటికి వస్తావా?" అంది.

"రాను."

తొట్టి కాపలా ఉండే వెంకాయమ్మ గారు గదిలో చాప వేసింది.

అరవై ఏడో రోజు

ఇక్కడ కాలు వంగదు. కింద కూర్చోలేను. బల్ల మీద కూర్చుని, కాలు ముందుకు చాపి కూరలు తరుగుతున్నాను. వెంకాయమ్మ గారు కారణం అడగలేదు.

మధ్యాహ్నం నాంచారయ్య వచ్చాడు. పదహారు కిలోమీటర్లు నడిచి వచ్చాడు. మొహం ఎండకి కమిలింది. నీళ్ళు ఇచ్చాను. నిలబడే తాగాడు.

"ఇంటికి రా. మర్నాడే పోయి చెప్తా."

"చెప్పి రా."

"నువ్వు ముందు రా కోటీ. నిన్ను ఇట్టా ఇక్కడ వదిలేసి..."

"నడిచొచ్చిన దారిలోనే ఉంది ఆసుపత్రి. మూడు రోజులయింది. ఒక్క మాట."

"చెప్తే మళ్ళీ ఇంటికి వస్తావని ఏంటి నమ్మకం?"

ఆ మాట నోరు జారింది. అన్నాక తనకే వినపడింది. నా కాళ్ళ దగ్గర కూర్చుని, మోకాలి మీద చెయ్యి వేశాడు. కాలు లాక్కోవాలనుకున్నాను. వంగదు కదా, లాక్కోలేకపోయాను. ఆయన చెయ్యి పట్టుకుని నేనే తీసి పక్కన పెట్టాను.

పొద్దు వాలేలోపు వెళ్ళిపోయాడు. చెయ్యి నొప్పి అనిపించింది. మోచేతి గాయం కాబోలు.

డెబ్బయ్యో రోజు

కుండ మార్చే రోజు. పొద్దున్నే బయలుదేరాను. ఊరి వైపు వస్తూ ఆరో తూము దాటగానే కడ్డీ మీద కాలు సడలి మెత్తబడింది. ఆ మెత్తదనానికి సంతోషం కలగలేదు.

తోడింటి ముందు నాంచారయ్య నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగింది.

"చెప్పేశాను. ఇందాకే. ఒట్టు కోటీ, అడుగు సిస్టర్‌ని."

రాఘవమ్మ గారు మా ఇద్దరి మధ్య నుంచే కుండ తెచ్చి కట్టింది. కొసలంక దారి పలక మీద నా పేరు మళ్ళీ రాశానని చెప్పింది. దణ్ణం పెట్టి సైకిల్ ఎక్కాను.

"కాలు పెడల్ మీద పెట్టి చూడవే" అన్నాడు వెనుక నుంచి. "నిజం చెప్తన్నా. దాటుద్ది."

ఐదు తూములు. ఆరో తూము తలుపు నీడ చక్రం మీద పడింది, నా ఒళ్ళో పడింది, వెనక్కి జారిపోయింది. కడ్డీ మీద కాలు మెత్తగానే ఉంది. ఏడో తూము దగ్గర ఆగి, కట్టు విప్పి మోకాలు వంచి చూశాను. ఎంత కావాలంటే అంత వంగింది.

నిజమే చెప్పాడు. ఒక్క మాటతో తీసేశాడు. ఒక్క మాటతో పెట్టించాడు కూడా. రేపు గాలి ఎక్కువై ఆయనకు భయం వేస్తే ఏం చెప్తాడో, ఎవరితో చెప్తాడో నాకు తెలియదు. నాకు తెలియాల్సిన పని లేదని ఆసుపత్రి రూలు.

ఎడమ పెడల్ ఖాళీగా ఉంది. కాలు మళ్ళీ కడ్డీ మీద చాపి, కట్టు బిగించాను. మిగిలిన నాలుగు తూములూ కుడికాలితోనే తొక్కాను.